చమురు షేరు కొనేముందు బ్యారెల్ లెక్క చూడండి

ప్రశ్న: మాది తెనాలి. కొన్నేళ్లుగా కెనడాలోని కాల్గరీలో ఉంటున్నాను. పైప్‌లైన్లకు డిజైన్ పనులు చేసే ఒక ఇంజనీరింగ్ కంపెనీలో ఉద్యోగం. బ్యాంకు అప్పుతో ఇల్లు కొన్నాను. ఇప్పుడు నా దగ్గర 60,000 డాలర్ల పొదుపు ఉంది. ఇక్కడి చమురు, గ్యాస్ కంపెనీల షేర్లు పది లోపు పీఈకే (అంటే ఏడాది లాభానికి పది రెట్ల లోపు ధరకే) దొరుకుతున్నాయనీ, ఏటా ఐదు శాతం డివిడెండ్ వస్తుందనీ, అమెరికా టెక్ షేర్ల పక్కన ఇవి కారుచవక అనీ ఆఫీసులో అందరూ అంటున్నారు. వీటి మంచిచెడ్డలు ఎలా అంచనా వేయాలి? ఒకటి రెండు పేర్లు కూడా చెప్పగలరా? తెనాలిలో రిటైరై ఉన్న మా బావగారు తన తరఫున 15 లక్షల రూపాయలు పంపుతాననీ, నా పేరు మీదే కొనిపెట్టమనీ అంటున్నారు. పంపమనవచ్చా? — ఒక పాఠకుడు, కాల్గరీ

సమాధానం: ఫలానా షేరు కొనండని నేను చెప్పను. మీ ఆదాయం, అప్పు, కుటుంబ అవసరాలు పూర్తిగా తెలియకుండా అలా చెప్పడం పద్ధతి కాదు. అయితే మీరు అడుగుతున్న పెద్ద కంపెనీలన్నీ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైనవే, వాటి లెక్కలు ఎవరైనా చూడగలిగినవే. వాటిలో ఏది ముందు చదవాలో, ఏ అంకెను నమ్మకూడదో వివరంగా చెబుతాను. మీ ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక విషయం, అంటే మీ ఉద్యోగం, నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది. దాని గురించి కూడా చెబుతాను.

ముందుగా పీఈ సంగతి. పీఈ తక్కువగా ఉంటే షేరు చవక అనుకోవడం సబ్బుల కంపెనీకి కొంతవరకు చెల్లుతుంది కానీ, తాను అమ్మే సరుకు ధరను తాను నిర్ణయించుకోలేని కంపెనీకి చెల్లదు. అమెరికా ముడి చమురుకు ప్రామాణిక ధరగా తీసుకునే డబ్ల్యూటీఐ 2020లో సగటున బ్యారెల్‌కు 39 అమెరికా డాలర్ల దగ్గర ఉంటే, 2022లో 95 డాలర్ల దరిదాపులకు వెళ్లింది. 2020లో, మీ కాల్గరీ ఉన్న అల్బర్టా రాష్ట్రంలోని చమురు కంపెనీలు చాలావరకు నష్టాలు చూపించాయి కనుక వాటికి పీఈ అన్నదే లేకుండా పోయింది. 2022లో అవే కంపెనీలు రికార్డు లాభాలు చూపించేసరికి పీఈలు బాగా కిందికి దిగాయి. అంటే పీఈని నమ్ముకున్నవాడు షేరు నిజంగా చవకగా ఉన్న రోజున భయపడి దూరంగా ఉండి, చమురు మంచి ధర పలుకుతున్న రోజున చవక అనుకుని కొని ఉంటాడు. ఈ రంగంలో లాభాన్ని నిన్నటి ధర మీద కాకుండా, మంచి ఏళ్లకూ చెడ్డ ఏళ్లకూ మధ్యస్థంగా ఉండే ధర మీద లెక్కకట్టాలి. నేనైతే డబ్ల్యూటీఐ 60 డాలర్లని అనుకుని ఒకసారి, 45 డాలర్లని అనుకుని ఇంకొకసారి లెక్క వేస్తాను. 80 డాలర్ల లెక్క ఎలాగూ కంపెనీవారే తమ ప్రజెంటేషన్లలో అందంగా వేసి చూపిస్తారు.

డివిడెండ్ విషయంలో 2020 నేర్పిన పాఠం ఇంకా స్పష్టమైనది. ఆ ఏడాది ఏప్రిల్ 20న డబ్ల్యూటీఐ ఫ్యూచర్స్ (ముందస్తు ఒప్పందాల) ధర చరిత్రలో మొదటిసారి సున్నా కంటే కిందికి, మైనస్ 37.63 డాలర్లకు పడిపోయింది. 2008–09 సంక్షోభాన్ని కూడా తట్టుకున్న సన్‌కోర్ తన డివిడెండ్‌ను 55 శాతం తగ్గించింది. సెనోవస్ పూర్తిగా ఆపేసింది. అదే ఏడాది, అదే అల్బర్టాలో, అదే ధర దెబ్బ తిన్న కెనేడియన్ నేచురల్ రిసోర్సెస్ మాత్రం డివిడెండ్ ముట్టుకోలేదు. 2025 నాటికి వరసగా 25 ఏళ్లుగా పెంచుతూ వచ్చిన కంపెనీ అది. ఎక్సాన్‌మొబిల్‌కు దాదాపు 70 శాతం వాటా ఉన్న ఇంపీరియల్ ఆయిల్ కూడా కోత పెట్టలేదు. 2020 జనవరిలో ఈ నాలుగింటి డివిడెండ్ శాతాలను పక్కపక్కన పెట్టి చూసినవారికి ఏది నిలుస్తుందో, ఏది తెగుతుందో తెలిసే అవకాశమే లేదు. ఆ తేడా వేరే పేజీల్లో ఉంది. సెనోవస్ 2017లో కొనోకోఫిలిప్స్ ఆస్తులను 1,770 కోట్ల కెనడా డాలర్లకు కొని నెత్తిన పెట్టుకున్న అప్పు దాని బ్యాలెన్స్ షీటులో కనిపిస్తూనే ఉంది. సన్‌కోర్‌కు మామూలు రోజుల్లో రక్షణగా ఉండే సొంత రిఫైనరీలూ, పెట్రో-కెనడా బంకులూ లాక్‌డౌన్‌లో జనం బండ్లు బయటికి తీయకపోవడంతో అక్కరకు రాలేదు.

అందుకే డివిడెండ్ శాతం చూసేముందు ఒక బ్యారెల్ డబ్బు ఎక్కడెక్కడికి పోతుందో చూడమంటాను. టీవీల్లో కనిపించే డబ్ల్యూటీఐ ధర ఓక్లహోమాలోని కుషింగ్‌లో తేలిక చమురుకు వచ్చే ధర. అల్బర్టా బరువు చమురుకు ఆ ధర రాదు. వెస్టర్న్ కెనేడియన్ సెలెక్ట్ అనే దాని ధర అల్బర్టాలోని హార్డిస్టీలో నిర్ణయమవుతుంది. నాణ్యత తక్కువ కావడం వల్లా, మార్కెట్టు దూరంగా ఉండడం వల్లా అది ఎప్పుడూ డబ్ల్యూటీఐ కంటే తక్కువే ఉంటుంది. ఈ తేడానే మీ ఆఫీసులో డిఫరెన్షియల్ అంటారు. అది 12 డాలర్లంటే బ్యారెల్‌కు 12 డాలర్ల నష్టం అని చాలామంది అనుకుంటారు. నిజానికి బిట్యుమెన్ (తారులాంటి చిక్కటి చమురు) తీసే కంపెనీకి నష్టం అంతకంటే ఎక్కువ.

ఎలాగో చూడండి. బిట్యుమెన్ చిక్కగా ఉంటుంది కనుక పైప్‌లైన్లో పారాలంటే అందులో సుమారు 30 శాతం కండెన్సేట్ వంటి తేలిక ద్రవం కలపాలి. ఆ కండెన్సేట్‌ను కంపెనీ దాదాపు డబ్ల్యూటీఐ ధరకే కొనుక్కోవాలి. డబ్ల్యూటీఐ 65 డాలర్లు, డిఫరెన్షియల్ 12 అనుకుంటే మిశ్రమానికి వచ్చేది 53 డాలర్లు. అందులో 30 శాతం కండెన్సేట్ ఖర్చు 19.50 డాలర్లు తీసేస్తే మిగిలిన 33.50 డాలర్లు 0.7 బ్యారెల్ బిట్యుమెన్‌కు వచ్చిన సొమ్ము, అంటే పూర్తి బ్యారెల్‌కు దాదాపు 48. ఇప్పుడు డబ్ల్యూటీఐ అక్కడే ఉండి డిఫరెన్షియల్ మాత్రం 25కు పెరిగిందనుకోండి. మిశ్రమానికి 40, అందులోంచి 19.50 పోతే మిగిలేది 20.50, బిట్యుమెన్ బ్యారెల్‌కు సుమారు 29 డాలర్లు. డిఫరెన్షియల్ పెరిగింది 13 డాలర్లే అయినా కంపెనీ చేతికి వచ్చేది 18 డాలర్లకు పైగా తగ్గింది. ఇందులోంచి ఇంకా రవాణా, ఆవిరి కోసం మండించే గ్యాస్, జీతాలు, మరమ్మతులు, రాయల్టీ, వడ్డీ, పన్ను పోవాలి. ఆ తర్వాతే మీ డివిడెండ్.

ఇది ఊహాలెక్క కాదనడానికి 2018 నవంబరు చాలు. డబ్ల్యూటీఐ 50 డాలర్లకు పైన ఉన్న రోజుల్లోనే హార్డిస్టీ ధర 15 డాలర్ల కిందికి పడిపోయింది. పై పద్ధతిలో లెక్క వేస్తే ఆ రోజుల్లో బిట్యుమెన్ విలువ సున్నా కంటే కిందికే తేలుతుంది. ఉత్పత్తి పైప్‌లైన్ల సామర్థ్యాన్ని మించిపోవడమే దానికి కారణం. చివరికి అల్బర్టా ప్రభుత్వం 2019 జనవరి నుంచి రోజుకు 3,25,000 బ్యారెళ్ల ఉత్పత్తి తగ్గించాలని కంపెనీలను ఆదేశించవలసి వచ్చింది. స్వేచ్ఛా విపణి గురించి ఎంతో గట్టిగా మాట్లాడే రాష్ట్రంలో ప్రభుత్వమే కోటాలు పెట్టిందంటే పరిస్థితి ఎంత దాకా వచ్చిందో ఊహించవచ్చు. నార్తర్న్ గేట్‌వే అనే పైప్‌లైన్ ప్రతిపాదన 2016లో తిరస్కరణకు గురైంది, ఎనర్జీ ఈస్ట్ 2017లో ఆగిపోయింది, కీస్టోన్ ఎక్స్‌ఎల్ అనుమతిని 2021 జనవరిలో బైడెన్ పదవిలోకి వచ్చిన రోజే రద్దు చేశారు. చివరికి పూర్తయిన పైప్‌లైన్ పనుల్లో ముఖ్యమైనది ట్రాన్స్ మౌంటెన్ విస్తరణ. కెనడా ప్రభుత్వం 2018లో 450 కోట్ల కెనడా డాలర్లకు కొన్న ఆ పైప్‌లైన్ విస్తరణ ఖర్చు 3,400 కోట్ల డాలర్ల దాకా వెళ్లింది. 2024 మే 1న మొదలై రోజుకు 3 లక్షల బ్యారెళ్ల సామర్థ్యాన్ని 8,90,000కు పెంచింది. ఆ తర్వాత డిఫరెన్షియల్ తగ్గి నిలకడగా ఉండడం కంపెనీల లాభాలకు బాగా తోడ్పడింది. పైప్‌లైన్లో ఖాళీ ఉన్నంత కాలం ఇది సాగుతుంది. ఉత్పత్తి పెరిగి ఆ ఖాళీ నిండితే పాత రోజులు తిరిగి రావచ్చు. ఆ ఖాళీ ఎంత మిగిలిందో గమనించడం పైప్‌లైన్ల పనిలోనే ఉన్న మీకు నాకంటే తేలిక.

డిఫరెన్షియల్ అందరినీ ఒకేలా కొట్టదు. గనుల్లో తవ్విన ఇసుక నుంచి వచ్చే బిట్యుమెన్‌ను అక్కడే శుద్ధిచేసి కృత్రిమ తేలిక చమురుగా మార్చే సన్‌కోర్, సింక్రూడ్, హొరైజన్ వంటి చోట్ల తయారయ్యే సరుకుకు డబ్ల్యూటీఐకి దగ్గరి ధర వస్తుంది. సొంత రిఫైనరీలు ఉన్న ఇంపీరియల్, సన్‌కోర్‌లకు బరువు చమురు చవకైతే ఒక చేత్తో పోయింది కొంత ఇంకో చేత్తో వస్తుంది. ఆవిరి పంపి బిట్యుమెన్ తీసి అలాగే అమ్ముకునే కంపెనీలకు ఈ రక్షణ లేదు. చమురు ధర పెరిగినప్పుడు వాటి షేర్లు వేగంగా పెరగడానికీ, పడినప్పుడు అంతే వేగంగా పడడానికీ కారణం ఇదే. ఏటా కంపెనీలు విడుదల చేసే అంచనా పత్రంలో డబ్ల్యూటీఐ ఒక డాలరు మారితే, డిఫరెన్షియల్ ఒక డాలరు మారితే, కెనడా డాలరు విలువ ఒక సెంటు మారితే తమ నగదు రాబడి ఎంత మారుతుందో చాలా కంపెనీలు ఒక పట్టికగా ఇస్తాయి. ఎవరూ పెద్దగా చదవని ఆ పట్టిక, నా ఉద్దేశంలో, ఆ పత్రం మొత్తంలోకీ పనికొచ్చే భాగం.

ఇక ఇసుక చమురుకు, అంటే ఇసుకలో కలిసి ఉండే ఈ బిట్యుమెన్‌కు, ఉన్న నిజమైన బలం. అమెరికా షేల్ బావి (రాతిపొరల నుంచి చమురు తీసేది) మొదటి ఏడాదిలోనే ఉత్పత్తిలో సగానికి పైగా కోల్పోతుంది. ఉన్నచోట ఉండడానికే ఆ కంపెనీ ఏటా కొత్త బావులు తవ్వుతూ పోవాలి. అల్బర్టా గనిలో అటువంటి తగ్గుదల దాదాపు లేదు. మొదట వేల కోట్లు పోసి కట్టాక దశాబ్దాల తరబడి అది నడుస్తూనే ఉంటుంది. అందుకే ఉత్పత్తి తగ్గకుండా చూసుకోవడానికి ఏటా పెట్టవలసిన ఖర్చు బ్యారెల్‌కు తక్కువ పడుతుంది, 2020లో కెనేడియన్ నేచురల్ తన పెట్టుబడి ఖర్చు కోసుకుని కూడా ఉత్పత్తి పడిపోకుండా నెట్టుకురాగలిగింది. ఈ ఖర్చూ, డివిడెండూ రెండూ గిట్టాలంటే డబ్ల్యూటీఐ ఎంత ఉండాలి అన్నదే ఈ రంగంలో అసలు అంకె. పెద్ద కంపెనీలు 40 నుంచి 50 అమెరికా డాలర్ల మధ్య చెబుతుంటాయి. ఆ లెక్కలో డివిడెండ్ కలిపారా, వడ్డీ కలిపారా, డిఫరెన్షియల్ ఎంత అనుకున్నారు అన్నవి అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఒక కంపెనీ డివిడెండ్ కలపకుండా 40 అంటే, ఇంకొకటి కలిపి 45 అంటే రెండోదే మెరుగు కావచ్చు.

నిల్వల విలువ గురించి కూడా ఒక మాట చెప్పాలి. కెనడా నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీ తన నిల్వలను లెక్కకట్టించి, భవిష్యత్తు రాబడిని ఏటా పది శాతం చొప్పున తగ్గించి ఇవాళ్టికి కట్టిన విలువను వార్షిక సమాచార పత్రంలో ప్రకటించాలి. ఇవి సెడార్ ప్లస్ అనే, షేర్ల మార్కెట్టు నియంత్రణ సంస్థల వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఆ విలువలోంచి నికర అప్పు తీసేసి, షేర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదాన్ని మార్కెట్టు ధరతో పోల్చడం మంచి అలవాటే. అయితే పది శాతం చొప్పున తగ్గిస్తే 30 ఏళ్ల తర్వాత వచ్చే వంద డాలర్లకు ఇవాళ్టి విలువ ఆరు డాలర్లు కూడా ఉండదు కనుక, ‘మా దగ్గర ముప్ఫై ఏళ్లకు పైగా సరిపడా నిల్వలున్నాయి’ అన్న ప్రచారానికి మీరు చెల్లించవలసిన ధర చాలా తక్కువ. పైగా అంత దూరాన చమురుకు గిరాకీ ఎలా ఉంటుందో, కర్బన ఉద్గారాలను పట్టి భూమిలో దాచే పథకాలకు కంపెనీలు ఎంత పెట్టవలసి వస్తుందో ఇంకా తేలలేదు. ఇసుక చమురు కంపెనీలు కలిసి ప్రతిపాదించిన పాత్‌వేస్ పథకం ఒక్కదాని అంచనాయే 1,650 కోట్ల డాలర్లు.

అంచనాల్లో చాలామంది మరచిపోయేది రాయల్టీ. అల్బర్టాలో ఇసుక చమురు ప్రాజెక్టు తన పెట్టుబడిని తిరిగి రాబట్టుకునేదాకా ప్రభుత్వానికి మొత్తం అమ్మకాల్లో 1 నుంచి 9 శాతం కడితే చాలు. పెట్టుబడి వెనక్కి వచ్చాక అది నికర ఆదాయంలో 25 నుంచి 40 శాతానికి మారుతుంది, చమురు ధరతోపాటు శాతమూ పెరుగుతుంది. మన దేశంలో ఓఎన్‌జీసీ వంటివాటిపై 2022 జులైలో హఠాత్తుగా వేసి 2024 డిసెంబరులో తీసేసిన విండ్‌ఫాల్ (అనూహ్య లాభాల మీది) పన్ను మీకు గుర్తుండే ఉంటుంది. అల్బర్టాలో అటువంటిది పద్ధతిలోనే ముందుగా ఇమిడి ఉంది. కాబట్టి చమురు 90 డాలర్లకు వెళితే లాభమంతా వాటాదారులకే వస్తుందని వేసుకునే లెక్క తప్పు. మీరు చూస్తున్న కంపెనీ ప్రాజెక్టుల్లో ఏవి ఆ గీత దాటాయో, ఏవి దాటబోతున్నాయో తెలుసుకోండి.

చిన్న కంపెనీల జోలికి, ముఖ్యంగా పాత బావులు వేలకొద్దీ ఉన్నవాటి జోలికి, మీరు వెళ్లకపోవడమే మేలు. పాత బావిని మూసి నేలను బాగుచేసే బాధ్యత కంపెనీదే. రెడ్‌వాటర్ అనే చిన్న కంపెనీ దివాలా కేసులో కెనడా సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పు ప్రకారం ఆ ఖర్చు తీరాకే బ్యాంకులకైనా డబ్బు దక్కేది. బ్యాంకుల తర్వాత ఉండే వాటాదారుకు ఏం మిగులుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఆస్తుల విలువలో సగానికే దొరుకుతోందని ఎవరైనా ఒక చిన్న కంపెనీ పేరు చెబితే, ఆ ఆస్తుల పక్కనే ఉండే మూసివేత బాధ్యత ఎంతో చూడండి.

గ్యాస్ కంపెనీలది వేరే లోకం. అల్బర్టా గ్యాస్ ధరను ఏకో అంటారు. అది అమెరికా ధర కంటే చాలాకాలంగా తక్కువగా ఉంటూ, పైప్‌లైన్ మరమ్మతులు జరిగే వేసవి రోజుల్లో సున్నా దగ్గరికి, కొన్నిసార్లు అంతకంటే కిందికి కూడా పడింది. బ్రిటిష్ కొలంబియా తీరంలోని కిటిమాట్ నుంచి, గ్యాస్‌ను ద్రవంగా మార్చి ఎగుమతి చేసే ఎల్‌ఎన్‌జీ కెనడా ప్లాంటు మొదటి ఓడ 2025 జూన్ చివర బయల్దేరింది. ఏటా 1.4 కోట్ల టన్నుల సామర్థ్యం ఉన్న ఆ ప్లాంటు వచ్చేస్తే ధర లేస్తుందని ఎన్నో ఏళ్లు ఎదురుచూశారు. ఆ ఆశతోనే ఉత్పత్తిదారులంతా ముందే బావులు తవ్వి పెట్టుకోవడంతో ఆ వేసవిలోనూ ధర లేవలేదు. అందరికీ తెలిసిన శుభవార్త షేరు ధరలో ఎప్పుడో చేరిపోయి ఉంటుంది. అయితే మాంట్నీ అనే గ్యాస్ బావుల ప్రాంతంలో గ్యాస్‌తోపాటు కండెన్సేట్ కూడా వస్తుంది. ఇసుక చమురు కంపెనీలు బిట్యుమెన్‌లో కలపడానికి కొంటున్నది దాన్నే. కనుక టూర్మలీన్, ఏఆర్‌సీ వంటి గ్యాస్ కంపెనీల రాబడిలో ఎంత భాగం గ్యాస్‌ది, ఎంత భాగం ద్రవాలది, గ్యాస్‌లో ఎంత భాగాన్ని అల్బర్టా బయటి ధరకు అమ్ముతున్నారు అన్నవి చూడకుండా ఏకో ధర ఒక్కటే చూస్తే బొమ్మ సగమే కనిపిస్తుంది.

ఎన్‌బ్రిడ్జ్, టీసీ ఎనర్జీ వంటి పైప్‌లైన్ కంపెనీలను కూడా మీ సహోద్యోగులు ఇదే గాటన కట్టి ఉంటారు. అవి చమురు ధర మీద కాదు, రహదారి టోల్ గేటులా, పారిన పరిమాణం మీద బతుకుతాయి. డివిడెండ్ స్థిరంగా ఉంటుంది. ఎన్‌బ్రిడ్జ్ 30 ఏళ్లుగా ఏటా పెంచుతోంది. వాటి ప్రమాదాలు వడ్డీ రేట్లూ, భారీ అప్పులూ, నిర్మాణ ఖర్చులూ. కిటిమాట్‌కు గ్యాస్ చేర్చే కోస్టల్ గ్యాస్‌లింక్ 620 కోట్ల డాలర్ల అంచనాతో మొదలై 1,450 కోట్లకు చేరింది.

ఇప్పుడు మీ ఉద్యోగం సంగతికి వస్తాను. మీ జీతం పైప్‌లైన్ పనుల నుంచి వస్తోంది. మీ ఇంటి విలువ కాల్గరీ ఉపాధి మీద ఆధారపడి ఉంది. ఆ ఇంటికి అప్పు ఉంది. 2014లో చమురు ధర పడ్డాక ఏం జరిగిందో మీకంటే ముందు వచ్చిన తెలుగువారిని అడగండి. 2016 చివరికి కాల్గరీలో నిరుద్యోగం పది శాతం దాటింది, డౌన్‌టౌన్ ఆఫీసులు అంతస్తులకు అంతస్తులు ఖాళీ అయ్యాయి, మీవంటి ఇంజనీరింగ్ కంపెనీల్లో ఉద్యోగాలు మొదటగా పోయాయి. అటువంటి ఏడాది మళ్లీ వస్తే మీ ఉద్యోగం, మీ ఇంటి ధర, మీ షేర్లు మూడూ ఒకే నెలలో పడతాయి, అమ్ముకోక తప్పని రోజున అడుగు ధరకు అమ్ముకోవలసి వస్తుంది. టొరంటోలో ఆసుపత్రిలో పనిచేసే వ్యక్తి ఇదే ప్రశ్న అడిగి ఉంటే తన పెట్టుబడిలో పది శాతం దాకా ఈ షేర్లలో పెట్టుకున్నా నేను అభ్యంతరం చెప్పేవాణ్ణి కాదు. మీకు మాత్రం ఐదు శాతం దాటవద్దంటాను. కెనడా ఇండెక్స్ ఫండ్ ఏదైనా మీకు ఇప్పటికే ఉంటే టొరంటో సూచీలో సుమారు ఆరో వంతు ఇంధన రంగమే కనుక, ఆ ఐదు శాతంలో కొంత మీకు తెలియకుండానే చేరిపోయి ఉంటుంది.

అంతకంటే ముందు ఆ 60,000లోంచి తొమ్మిది నెలల ఇంటి ఖర్చు, బ్యాంకు కిస్తీతో సహా, తీసి పక్కన పెట్టండి. మామూలుగా ఆరు నెలలు చాలంటారు. చమురు ఊళ్లో ఉద్యోగం పోతే తిరిగి దొరకడానికి ఎక్కువ కాలం పడుతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కెనడా బయటి కంపెనీలున్న విస్తృత ఫండులో పెట్టుకుని, ఐదు శాతంతో మీకు నచ్చిన చమురు షేరు కొనుక్కోండి. మీ కంపెనీ ఉద్యోగులకు షేర్లు కొనే పథకం ఇస్తూ తన వంతు కొంత కలుపుతుంటే ఆ కలిపేది వదులుకోవద్దు. అమ్మే వీలు రాగానే అమ్మి వేరేచోట పెట్టండి.

డివిడెండ్ ఇచ్చే కెనడా షేర్లను టీఎఫ్ఎస్ఏ అనే పన్ను లేని పొదుపు ఖాతాలో ఉంచితే కెనడాలో పన్ను ఉండదు. ఆ ఖాతాలో మీరు జమచేయగల పరిమితి మీరు కెనడా నివాసి అయిన ఏడాది నుంచే మొదలవుతుంది. ఆ పథకం మొదలైన 2009 నుంచి లెక్కవేసి ఎక్కువ జమచేసి జరిమానా కట్టిన కొత్తవారు ఉన్నారు. ఎప్పటికైనా తెనాలి తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే ఇంకొకటి గుర్తుంచుకోండి. టీఎఫ్ఎస్ఏకి కెనడా ఇచ్చే మినహాయింపు భారత ఆదాయపు పన్ను చట్టంలో లేదు, కనుక అక్కడ పూర్తి నివాసి అయ్యాక ఆ ఆదాయం మీద పన్ను పడుతుంది. మామూలు ఖాతాలోని షేర్లను కెనడా వదిలే రోజునే అమ్మినట్టు భావించి లాభంపై పన్ను వేస్తారు.

చివరగా మీ బావగారి 15 లక్షలు. మీ పేరున కొనే ఏ షేరైనా చట్టం దృష్టిలో మీదే. దాని పన్ను మీది, టీఎఫ్ఎస్ఏలో కొంటే ఖర్చయ్యే పరిమితి మీది. ధర సగానికి పడితే మాటా మాటా వచ్చేది కూడా మీకూ మీ అక్కగారికీ మధ్యనే. ఆయన సొంతంగా కొనాలంటే రిజర్వ్ బ్యాంకు అనుమతించిన పథకం కింద ఏడాదికి రెండున్నర లక్షల అమెరికా డాలర్ల దాకా తన ఖాతా నుంచే పంపి, తన పేరునే విదేశీ షేర్ల ఖాతా తెరుచుకోవచ్చు. పది లక్షలు దాటిన ఐదు లక్షల మీద బ్యాంకు 20 శాతం, అంటే లక్ష రూపాయలు, ముందుగా పన్నుకింద పట్టుకుంటుంది. దాన్ని రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు కానీ అప్పటిదాకా ఆగాలి. కెనడా కంపెనీలు భారత నివాసికి ఇచ్చే డివిడెండ్‌లో రెండు దేశాల ఒప్పందం ప్రకారం 25 శాతం అక్కడే కోత పడుతుంది. ఆ షేర్లను ఏటా రిటర్నులో విదేశీ ఆస్తులుగా చూపించాలి, చూపకపోతే జరిమానాలు భారీగా ఉంటాయి. రూపాయల్లో నెలనెలా ఖర్చులుండి, ఉద్యోగ విరమణ చేసిన మనిషికి ఇంత తతంగంతో, ఇంత ఊగిసలాడే షేర్లు అవసరమని నాకు అనిపించడం లేదు. చమురు రంగం మీద ఆయనకు అంత మక్కువ ఉంటే ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియా అక్కడి మార్కెట్టులోనే ఉన్నాయి. వాటిలోనైనా పొదుపులో చిన్న భాగమే పెట్టుకోమని చెప్పి, మీ పేరున డబ్బు పంపడం మాత్రం వద్దని మర్యాదగా రాయండి.